మీ పరిశోధన గురించి మామూలు జనానికి ఎలా చెప్పాలి

థీసిస్ ఇంగ్లీషులో రాస్తాం. సెమినార్ ఇంగ్లీషులో ఇస్తాం. ల్యాబ్‌లో పోట్లాటలు కూడా సగం ఇంగ్లీషులోనే నడుస్తాయి. ఇంతలో ఫిబ్రవరి 28 సైన్స్ డే వస్తుంది, ఓపెన్ డే అని గేట్లు తెరుస్తారు, పదో తరగతి అమ్మాయి మీ ముందు నిలబడి "మీరు దేని మీద రీసెర్చ్ చేస్తున్నారు సార్?" అంటుంది. నోరు పెగలదు. పెగిలిందా, ఇక ఆగదు. ఆ అమ్మాయి మర్యాదకు కాసేపు తలూపి పక్క స్టాల్‌కి జారుకుంటుంది.

ఈ వ్యాసం రీసెర్చ్ స్కాలర్లకు, కొత్తగా ఉద్యోగంలో చేరిన సైంటిస్టులకు. ఉదాహరణ ఒకటే తీసుకుని చివరిదాకా దాదాపు దాంతోనే నడుస్తాను: ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వరి. అన్నం దగ్గర మొదలుపెడితే తెలుగువాళ్లెవరైనా కాసేపు ఆగి వింటారు.

ముందుగా దాని కథ నాలుగు ముక్కల్లో. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటాం. గింజ సన్నం, రుచి బాగుంటుంది, ధర పలుకుతుంది. కానీ బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు. హైదరాబాద్‌లో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. 2008లో కొత్త రకం విడుదలైంది. ఆ జన్యువుల పేర్లు ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. ఈ పేర్లు ఈ వ్యాసంలో మళ్లీ కనపడవు. అవి లేకుండా కథ మొత్తం చెప్పొచ్చో లేదో మీరే చూడండి.

ఎవరికి చెబుతున్నారో తేల్చుకోండి

"సామాన్య ప్రజలు" అని ఒక గుంపు ఎక్కడా ఉండదు. మిర్యాలగూడ మిల్లరు ఉంటాడు. ఎండాకు తెగులుతో ఒకసారి దెబ్బతిన్న రైతు ఉంటాడు. షుగర్ మాత్రలు వేసుకునే రిటైర్డ్ టీచర్ ఉంటారు. ఇంటర్ బైపీసీ అమ్మాయి ఉంటుంది. పరిశోధన అదే అయినా వీళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో మాటతో మొదలుపెట్టాలి.

రైతుకు కావలసింది: తెగులు వచ్చిన ఏడాది పంట నిలుస్తుందా, మామూలు ఏడాది దిగుబడి తగ్గుతుందా, మిల్లులో సాంబ మసూరి రేటే ఇస్తారా. టీచర్ గారికి కావలసింది: నేను తినొచ్చా. బైపీసీ అమ్మాయి అడిగేది: జన్యువు కంటికి కనపడదు కదా, మొక్కలోకి వచ్చిందని మీకెలా తెలిసింది? నన్నడిగితే ముగ్గురిలోనూ మంచి ప్రశ్న ఈ అమ్మాయిదే. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

కాగితం మీద ఒక మనిషిని రాసుకోండి. వయసు, చదువు, పని, మీ మాట వినడానికి ఉన్న టైమ్. ఆ మనిషికి మాత్రమే చెప్పండి. పక్కన ఇంకో వందమంది విన్నా నష్టం లేదు.

ఒక్క వాక్యం రాయండి

పేపర్ టైటిల్‌ని తెలుగులోకి మార్చి వదిలేస్తే ఇలా తయారవుతుంది: "సూచిక సహాయక ఎంపిక ద్వారా బహుళ నిరోధక జన్యువుల సమీకరణ." దీన్ని చదివి ఇంగ్లీషులో ఏముందో అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది. మనుషులు మాట్లాడుకునే వాక్యం ఇలా ఉంటుంది: "సాంబ మసూరి గింజ, రుచి మారకుండా, ఎండాకు తెగులును తట్టుకునేలా చేశాం."

ఈ వాక్యంలో ఏం చేశారో ఉంది, ఏది చెడకుండా చూసుకున్నారో కూడా ఉంది. రెండో ముక్క చాలామంది మర్చిపోతారు. తెగులును తట్టుకునే వరి అంతకుముందూ ఉంది. రుచి పోకుండా తట్టుకునేలా చేయడమే ఇక్కడ కష్టమైన పని. మీ పరిశోధనలో కూడా అలాంటి "ఇది చెడకుండా" అనే ముక్క ఉందేమో వెతకండి. అసలు కష్టం అక్కడే పడి ఉంటారు.

వాక్యం కుదరకపోతే భాషను తిట్టుకోవద్దు. ఏది ముఖ్యమో మీరింకా తేల్చుకోలేదన్నమాట. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ 2008లో మూడు నిమిషాల థీసిస్ అనే పోటీ మొదలుపెట్టింది: మూడు నిమిషాలు, ఒకే స్లైడ్, అందులో యానిమేషన్ కూడా ఉండకూడదు. ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది. పోటీకి వెళ్లకపోయినా ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఒకసారి ప్రయత్నించండి. మొదటి నిమిషం ఉపోద్ఘాతానికే అయిపోతే, ఆ ఉపోద్ఘాతం మొత్తం కొట్టేయొచ్చు.

"ఎలా తెలిసింది" అన్నదాని మీద ఎక్కువసేపు ఉండండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో ఇదే ముఖ్యం. మనవాళ్లు దాదాపు అందరూ దాటేసేదీ ఇదే. జనానికి ఫలితం చెబితే చాలు, పద్ధతి చెబితే బోర్ కొడుతుంది అనుకుంటారు. కానీ ఫలితం ఒక్కటే చెప్పి వదిలేస్తే, మీ మాటకూ వాట్సాప్ ఫార్వర్డ్‌కూ వినేవాళ్లకు తేడా ఎలా తెలియాలి? "ఈ బియ్యం మంచిది" అని ఫార్వర్డ్ కూడా చెబుతుంది. ఎలా తెలిసిందో చెప్పగలిగేది మీరొక్కరే.

పైగా కథ అక్కడే ఉంటుంది. సాంబ మసూరి సంగతే చూడండి. తెగులును తట్టుకునే వరితో దాన్ని సంకరం చేస్తే పుట్టిన మొక్కల్లో సగం లక్షణాలు అటువైపువి. తెగులు తగ్గవచ్చు గానీ అన్నం సాంబ మసూరిలా ఉండదు. కాబట్టి పుట్టిన మొక్కను మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేయాలి, మళ్లీ మళ్లీ. తరం గడిచేకొద్దీ సాంబ మసూరి వాటా పెరుగుతుంది. కానీ ప్రతి తరంలోనూ ఆ మూడు జన్యువులు జారిపోకుండా పట్టుకోవాలి. చిక్కు ఇక్కడ వచ్చింది. ఒక జన్యువు ఉన్నా మొక్క తెగులును ఎంతో కొంత తట్టుకుంటుంది, మూడు ఉన్నా తట్టుకుంటుంది. ఆకు చూసి లోపల ఎన్ని ఉన్నాయో చెప్పలేం. అదీగాక మూడింటిలో రెండు ఎలాంటివంటే, తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే పని చేస్తాయి. ఒకవైపు నుంచే వస్తే మొక్కలో ఉన్నా బయటికి తెలియవు.

మరి మూడూ ఎందుకు, ఒకటి చాలదా? ఒక్కటే అయితే బ్యాక్టీరియా మారి దాన్ని దాటేయవచ్చు. మూడింటినీ ఒకేసారి దాటడం దానికి చాలా కష్టం.

అందుకని నారు దశలోనే చిన్న ఆకు ముక్క తీసుకుని డీఎన్ఏలో గుర్తులు చూశారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనిషిని గుర్తుపట్టడానికి పుట్టుమచ్చలు రాస్తారు కదా, డీఎన్ఏలో మార్కర్ కూడా అలాంటి గుర్తే. అది కనపడితే జన్యువు ఉన్నట్టు లెక్క. ఇలా పోలిక చెప్పినప్పుడు అది ఎక్కడ తెగిపోతుందో కూడా వెంటనే చెప్పేయండి. పుట్టుమచ్చ పిల్లలకు రావాలని లేదు. మార్కర్ మాత్రం జన్యువు పక్కనే ఉంటుంది కాబట్టి దాంతో పాటే తర్వాతి తరానికి వెళ్తుంది, అందుకే పనికొస్తుంది. పోలికను హద్దు చెప్పకుండా వదిలేస్తే, విన్నవాళ్లు దాన్ని మీరు ఊహించని చోటికి లాక్కెళ్తారు.

చివరికి పరీక్ష. బ్యాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి, ఆకు కొనలు కత్తిరించి, రెండు వారాలు ఆగి, ఎండిన మచ్చ ఎన్ని సెంటీమీటర్లు పాకిందో స్కేలుతో కొలుస్తారు. ఇంత పెద్ద సంస్థల్లో ఆఖరి తీర్పు కత్తెర, స్కేలు చెబుతాయని వింటే బైపీసీ అమ్మాయి కళ్లు మెరుస్తాయి. మీ ల్యాబ్‌లోనూ అలాంటి కత్తెర ఒకటి ఉండే ఉంటుంది. అలవాటైపోయి మీకు కనపడటం లేదు, అంతే.

అంకెలు వదిలేటప్పుడు జాగ్రత్త

ఇదే వరి గురించి ఇంకో మాట ప్రచారంలో ఉంది, షుగర్ ఉన్నవాళ్లకు మంచిదని. దాని వెనకున్నది గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉందన్న కొలత. "జీఐ 51" అని చెప్పి ఊరుకుంటే వినేవాళ్లకు ఏమీ తెలియదు. 51 అంటే ఎక్కువా, తక్కువా? దేనిలో 51? ఇలా చెప్పొచ్చు: "కొందరికి 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత అన్నం పెట్టి రెండు గంటల పాటు రక్తంలో గ్లూకోజ్ కొలుస్తారు. అంతే గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగినప్పుడు వచ్చే పెరుగుదలను 100 అనుకుంటే, ఈ అన్నానికి 51 వచ్చింది. 55 లోపు ఉంటే తక్కువ అంటారు."

అక్కడితో ఆగొద్దు. ఈ కొలత ఏం చెప్పదో కూడా చెప్పాలి. షుగర్ నయమవుతుందని చెప్పదు. రెండు గరిటెలకు బదులు నాలుగు గరిటెలు తినొచ్చనీ చెప్పదు. ఆ రెండు వాక్యాలు మీరు చెప్పకపోతే మర్నాడు "షుగర్ పేషెంట్లకు శుభవార్త, ఇక కడుపునిండా అన్నం" అని యూట్యూబ్‌లో వచ్చేస్తుంది.

శాతాలు ఇంకా ప్రమాదం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, రోజూ 50 గ్రాముల సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. వందమంది తింటే 18 మందికి క్యాన్సర్ వస్తుందని చదివినవాళ్లు తక్కువేమీ లేరు. బ్రిటన్ లెక్క చూస్తే అక్కడ జీవితకాలంలో వందమందిలో సుమారు ఆరుగురికి ఎలాగూ ఆ క్యాన్సర్ వస్తుంది. ఆరులో 18 శాతం అంటే ఇంకొకరు. వందకు ఆరు ఉన్నది ఏడవుతుంది. ఇలా మనుషుల లెక్కలో చెబితే భయపడాల్సినంతే భయపడతారు. "ఎంత శాతం పెరిగింది" అని చెప్పే ప్రతిచోటా "ఎంత నుంచి ఎంతకు" అని పక్కనే రాయండి.

మాటల సంగతి

దీని మీద పెద్దగా తలబద్దలు కొట్టుకోవద్దు. బ్యాక్టీరియా, ప్రోటీన్, డీఎన్ఏ, వైరస్ జనానికి తెలిసిన మాటలే, అలాగే వాడండి. తెలియని మాట తప్పదనుకుంటే ముందు పని చెప్పి తర్వాత పేరు చెప్పండి. పదిహేను నిమిషాల ఉపన్యాసంలో కొత్త పేర్లు రెండు మించితే మూడోది ఎవరికీ గుర్తుండదు. మీకు ఒక అర్థం, జనానికి ఇంకో అర్థం ఉన్న మాటలను మాత్రం పట్టుకోండి. "పాజిటివ్ రిజల్ట్" అంటే ల్యాబ్‌లో సంతోషం, ఇంట్లో కంగారు.

హద్దులు మీ నోటితోనే, అదీ మొదట్లోనే చెప్పండి

సాంబ మసూరిలోకి తెచ్చిన మూడు జన్యువులూ ఎండాకు తెగులు కోసమే. అగ్గి తెగులుకు, దోమపోటుకు అవి పనిచేయవు. రైతుల సమావేశంలో "తెగులు తట్టుకునే రకం" అని ఊరుకుంటే, వినే రైతు అన్ని తెగుళ్లూ అనుకుంటాడు. పైరును రోజూ చూడటం తగ్గిస్తాడు. దోమ కొట్టాక మీ మీద నమ్మకం పోతుంది, మీతో పాటు ఆ తర్వాత వచ్చే సైంటిస్టు మీద కూడా. అందుకే రకం పేరు చెప్పిన వాక్యంలోనే "ఎండాకు తెగులును మాత్రమే" అని ఉండాలి.

"మొదట్లోనే" అని ఎందుకంటున్నానంటే, పేపర్లో జాగా చాలనప్పుడు వార్తను కింది నుంచి కోస్తారు. మీ హద్దులన్నీ ఆఖరి పేరాలో ఉంటే ముందు పోయేవి అవే.

అలా చెప్పినా కొన్నిసార్లు ఆగదు. 2011 సెప్టెంబరులో ఒపెరా అనే భౌతికశాస్త్ర ప్రయోగం చేసిన బృందం ఒక విడ్డూరం బయటపెట్టింది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసో ల్యాబ్‌కు పంపిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందు చేరినట్టు కనపడుతోందని. కాంతి కన్నా వేగంగా ఏదీ పోదన్నది ఐన్‌స్టీన్ సిద్ధాంతం. వాళ్లు ఆయన ఓడిపోయాడని అనలేదు. తప్పెక్కడుందో మాకు దొరకలేదు, మీరూ వెతకండి అని మిగతా శాస్త్రవేత్తలను అడిగారు. హెడ్డింగుల్లో మాత్రం ఐన్‌స్టీన్ ఓడిపోయాడు. 2012లో కారణం దొరికింది, ప్రధానంగా ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించలేదు. బయటపెట్టడమే తప్పని అప్పట్లో కొందరన్నారు. నేను ఒప్పుకోను. అనుమానంగా ఉన్నదాన్ని అనుమానంగానే చెప్పారు, తర్వాత కారణం దొరికితే అదీ చెప్పారు. కాకపోతే దీంట్లో మనం నేర్చుకోవాల్సింది ఉంది: మీ పని ఇంకా ఎవరూ పరిశీలించని ప్రీప్రింట్ దశలో ఉంటే, "ఇది ఇంకా ఖాయం కాలేదు" అన్న మాట లేకుండా మీ మొదటి వాక్యం పూర్తి కాకూడదు.

రిపోర్టర్ ఫోన్ చేస్తే

ఫోన్ రాకముందే చేసి పెట్టుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. మీ గైడ్‌కీ, మీ రీసెర్చ్ పేపర్లో పేరున్న మిగతావాళ్లకీ చెప్పండి. సంస్థలో మీడియాతో ఎవరు మాట్లాడాలన్న నియమం ఉంటే కనుక్కోండి. జర్నల్ ఎంబార్గో, అంటే ఫలానా తేదీ దాకా బయటపెట్టొద్దన్న షరతు, పెట్టిందేమో చూసుకోండి, ఆ గడువు లోపు వార్త బయటికొస్తే గొడవ. పేటెంట్ వేసే ఆలోచన ఉంటే అప్లికేషన్ పెట్టేదాకా ఎక్కడా మాట్లాడొద్దు. ముందే బయటపెట్టారన్న కారణంతో కొత్తదనం పోయిందని అప్లికేషన్ చెల్లకపోవచ్చు. ఇది సభలకూ, ఫేస్‌బుక్ పోస్టులకూ వర్తిస్తుంది.

తర్వాత అరపేజీ నోట్ తెలుగులోనే రాసిపెట్టుకోండి. ఒక్క వాక్యం, ఎలా తెలిసింది, రెండు మూడు అంకెలు, హద్దు, డబ్బు ఎవరిచ్చారు, పేర్లు తెలుగులో సరైన స్పెల్లింగ్‌తో. సైన్స్ వార్తల్లో తప్పులకు రిపోర్టర్లను తిడుతుంటాం గానీ, సాయంత్రం ఏడింటికి చేతికొచ్చిన ఇంగ్లీషు ప్రెస్ నోట్‌ను ఎనిమిదింటికల్లా తెలుగు చేయమంటే ఎవరైనా తడబడతారు. ఆ పని మీరు చేసి ఇస్తే సగం తప్పులు పుట్టవు.

అచ్చుకు ముందు వార్త మొత్తం చూపించమని అడగొద్దు. చాలాచోట్ల కుదరదంటారు, అడిగినందుకు చిన్నబుచ్చుకుంటారు కూడా. "అంకెలు ఒకసారి సరిచూసుకుందామండీ, నాకు చదివి వినిపించండి" అంటే మాత్రం దాదాపు ఎవరూ కాదనరు. హెడ్డింగ్ పెట్టేది డెస్క్‌లో సబ్ ఎడిటర్ అని గుర్తుంచుకోండి, మీతో మాట్లాడిన మనిషి కాదు. కాబట్టి హెడ్డింగ్‌కి పనికొచ్చే చిన్న వాక్యం ఒకటి మీ నోట్‌లోనే పెట్టండి. టీవీ వాళ్లయితే ప్రశ్నను కోసేసి మీ జవాబే వేస్తారు. "అవునండీ, అదే" అంటే ఎవరికీ అర్థం కాదు, "ఈ వరి ఎండాకు తెగులును తట్టుకుంటుంది" అని పూర్తి వాక్యం చెప్పాలి.

ఊళ్లో, బడిలో మాట్లాడేటప్పుడు

చేతికి ఇవ్వగలిగినది ఏదైనా పట్టుకెళ్లండి. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825 నుంచి పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు జరుగుతున్నాయి. అక్కడ మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని ముందు పెట్టుకుని రసాయన శాస్త్రం చెప్పాడు. మీకు వరి ఆకు చాలు. తెగులు సోకినదొకటి, సోకనిదొకటి, ఎండబెట్టి అట్టకు అంటించి లామినేట్ చేయించినవి. తెగులు ఉన్న పచ్చి మొక్కను మాత్రం పొలాల వైపు తీసుకెళ్లొద్దు, సైన్స్ చెప్పబోయి తెగులు అంటించి వచ్చారంటారు.

రైతుల దగ్గర మీరు మొదలుపెట్టకండి, వాళ్లను మొదలుపెట్టనివ్వండి. "ఈ తెగులు మీ దగ్గర ఎప్పుడు కనపడుతుంది? మీరు దీన్నేమంటారు?" అని ఆకు చూపించి అడగండి. పేరు ఊరిని బట్టి మారుతుంది, ఆకు మారదు. గాలివాన తర్వాత ఎక్కువవుతుందని వాళ్లే చెబుతారు. అక్కడి నుంచి మీ మాట అందుకోండి. స్లైడ్లుంటే డీఎన్ఏ చారలు కనపడే జెల్ ఫొటోలు తీసేయండి. గ్రాఫ్ ఒకటి ఉంచితే అడ్డం గీత ఏంటో, నిలువు గీత ఏంటో నోటితో చెప్పండి.

ఇక ప్రశ్నలు. "ఇది జీఎం పంటేనా?" అని తప్పకుండా అడుగుతారు. ముందు "కాదు" అనండి, వివరణ తర్వాత. "వరిని వరితోనే సంకరం చేశాం. ల్యాబ్‌లో డీఎన్ఏను మార్చలేదు, ఏ మొక్క ఉంచుకోవాలో తెలుసుకోవడానికి చూశాం, అంతే." వివరణతో మొదలుపెట్టి ఆఖర్న "కాదు" అంటే ఏదో దాస్తున్నారనిపిస్తుంది. "మద్దతు ధర పెరుగుతుందా?" అంటే అది మీ చేతిలో లేదని చెప్పండి. "మా తమ్ముడికి షుగర్ 300, ఏం చేయమంటారు?" అంటే డాక్టర్ దగ్గరికి పంపండి, సలహా ఇవ్వబోకండి. తెలియనిదానికి "తెలియదండీ" అంటే పరువేం పోదు. ఫోన్ నంబర్ రాసుకుని వారంలో జవాబు చెబితే మీ ఉపన్యాసం కన్నా అదే ఎక్కువమందికి చేరుతుంది.

ఇదంతా బయట చెప్పే ముందు ఇంట్లో ఒకరి మీద ప్రయోగించండి. మీ సబ్జెక్టు కానివాళ్లు, మొహమాటం లేనివాళ్లు కావాలి. "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "నువ్వు ఇంకెవరికైనా చెప్పాలంటే ఎలా చెబుతావ్?" అని అడిగి నోరు మూసుకుని వినండి. ఎక్కడ వాళ్ల మాట మీ పరిశోధనను దాటి పోయిందో రాసుకోండి. వినేవాళ్లు దాన్ని షుగర్ మందు చేసేశారంటే మీరు హద్దులు చెప్పిన చోట లోపం ఉంది, దాన్ని తిరగరాయాలి.

వార్త వచ్చాక కూడా తప్పు ఉందనిపిస్తే, అదే రోజు రిపోర్టర్‌కి ఫోన్ చేయండి. తప్పు వాక్యం ఇది, సరైన వాక్యం ఇది అని రెండూ మెసేజ్ చేయండి. వెబ్ ఎడిషన్‌లో గంటలో మార్చేస్తారు. పేపర్లో సవరణ వేయించుకోవాలంటే ఎడిషన్ ఇన్‌ఛార్జిని అడగాలి. ఈలోగా సరైన అరపేజీ నోట్ మీ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టించండి. వాట్సాప్‌లో ఎవరైనా ఆ వార్త పంపి "నిజమేనా?" అని అడిగితే పంపడానికి ఒక లింక్ ఉండాలి.